తెరుచుకోని ఫైలు నుంచి లినక్స్ దాకా: ఒక డీటీపీ ఆపరేటర్ అనుభవం

2021 జూన్ చివర్లో ఒక సాయంత్రం మాస్టారు మా షాపుకి వచ్చారు. రాజమండ్రి ఇన్నీసుపేటలో నాది పుస్తకాలు, కార్డులు కంప్యూటర్లో కంపోజ్ చేసే చిన్న డీటీపీ సెంటర్. కరోనా రెండో విడత అప్పుడప్పుడే తగ్గుతోంది, బజారు ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు. మాస్టారు మాస్కు సర్దుకుని సంచిలోంచి ఒక పుస్తకం తీసి బల్ల మీద పెట్టారు. 2004లో నేను కంపోజ్ చేసిన ఆయన పద్యాల సంపుటి.

“అమ్మాయ్, ఇదొక్క కాపీయే మిగిలింది. ఈ మధ్య రాసిన నలభై పద్యాలు కలిపి మళ్ళీ వేయించాలని ఉంది. పాత ఫైలు నీ దగ్గర ఉంటుంది కదూ?”

“ఉందండీ మాస్టారూ” అన్నాను. ఉంది కూడా. సీడీలో ఒక కాపీ, హార్డ్ డిస్కులో ఒక కాపీ. ఏ కస్టమర్ ఫైలునీ నేను చెరిపెయ్యను. 1999లో పని నేర్చుకున్నప్పుడు మా గురువుగారు పెట్టిన అలవాటది.

రాత్రి ఇంటికెళ్ళే ముందు ఆ ఫైలు తీశాను. పేజీలు వచ్చాయి. మార్జిన్లు, పేజీ నంబర్లు, పద్యానికీ పద్యానికీ మధ్య చుక్కలు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. అక్షరాలు మాత్రం తెలుగు కావు. ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, నెత్తిన గీతలున్న ఏవో యూరప్ అక్షరాలు కలగాపులగంగా పేజీ నిండా పరుచుకుని ఉన్నాయి.

ఎందుకో నాకు వెంటనే అర్థమైంది. అప్పట్లో మేం వాడిన తెలుగు ఫాంట్ల ప్యాకేజీకి ఒక లాక్ ఉండేది. దాన్ని డాంగిల్ అంటారు. కంప్యూటర్ వెనక ప్రింటర్ పోర్టుకి తగిలిస్తేనే ఫాంట్లు పనిచేస్తాయి. ఆ పోర్టు ఉన్న పాత సీపీయూ లాక్‌డౌన్ రోజుల్లో కాలిపోయింది. తర్వాత తెచ్చుకున్న దానికి ఆ పోర్టే లేదు. ప్యాకేజీ అమ్మిన వాళ్ళకి ఫోన్ చేస్తే ఆ వెర్షన్ ఎప్పుడో ఆపేశామని, కొత్తది కొనుక్కోమని చెప్పారు. “కొత్తది కొంటే పాత ఫైళ్ళు తెరుచుకుంటాయా?” అని అడిగాను. కొత్తదాంట్లో అక్షరాల కోడ్లు మారాయట, కొన్ని అక్షరాలు తేడాగా రావచ్చట, సరిచేసుకోవాలట. 212 పేజీల పద్యాలు. ఒక్క ఒత్తు పోయినా పద్యం కుంటుతుంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మాస్టారి పుస్తకం ఒక్కటే కాదు కదా. 22 ఏళ్ళుగా నేను కొట్టిన పుస్తకాలు, సావనీర్లు, ఎంఫిల్ సిద్ధాంత గ్రంథాలు, అన్నీ ఆ ఫాంట్లలోనే ఉన్నాయి.

మా చెల్లెలి కొడుకు అప్పుడు బీటెక్ రెండో ఏడు. కాలేజీ మూసేయడంతో ఆన్‌లైన్ క్లాసులు వింటూ మా ఇంట్లోనే ఉంటున్నాడు. పొద్దున్నే వాడికి చూపించాను. ఆ పేజీలోంచి నాలుగు లైన్లు కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేసి చూసి, “పెద్దమ్మా, ఈ ఫైల్లో తెలుగే లేదు” అన్నాడు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. వాడు చెప్పింది అక్షరాలా నిజం. యూనికోడ్ అనే ప్రమాణంలో ప్రతి తెలుగు అక్షరానికీ ప్రపంచమంతటా చెల్లే ఒక నంబరు ఉంది. ‘క’ అంటే 0సి15. ఏ కంప్యూటర్‌కి ఆ నంబరు అందినా అది ‘క’ అనే అనుకుంటుంది. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకి చోటుంది. మేం వాడిన పాత ఫాంట్ల పద్ధతి అది కాదు. ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు అక్షరాల ముక్కలు కూర్చోబెట్టారు. ఒక గదిలో తలకట్టు, ఒక గదిలో గుడి, ఇంకో గదిలో ‘త’ ఒత్తు. తెర మీద మాకు తెలుగు కనబడుతుంది. కంప్యూటర్ లెక్కలో మాత్రం అది ఇంగ్లీషు అక్షరాల గుంపు. ఆ ఫాంట్ పక్కన ఉన్నంత వరకే అది తెలుగు. ఫాంట్ పోతే భాషే పోయినట్టు. ఆ ఫాంట్ మా చేతిలో లేదు, లాక్‌లో ఉంది.

అప్పటిదాకా నేను సాఫ్ట్‌వేర్ గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. నిజం చెప్పాలంటే, బిల్లు కట్టి కొన్నది ఆ ఫాంట్ల ప్యాకేజీ ఒక్కటే. మిగతావన్నీ కంప్యూటర్ అసెంబుల్ చేసిన కుర్రాడు సీడీల్లోంచి ఎక్కించినవే. మా వీధిలో అందరం అలాగే నడిపేవాళ్ళం. అది తప్పని తెలుసు. తెలిసినా, ఒక్కో సాఫ్ట్‌వేర్‌కి వేలకు వేలు పెట్టే స్తోమత లేక ఊరుకున్నాను. ఎవరైనా తనిఖీకి వస్తారని విన్నప్పుడల్లా షట్టర్ సగం దించుకుని కూర్చున్న రోజులున్నాయి. ఆ టెన్షన్ నాకు బాగా గుర్తు.

“పెద్దమ్మా, ఎలాగూ మార్చాలి. మళ్ళీ ఇంకో తాళంలో ఎందుకు ఇరుక్కుంటావు?” అన్నాడు మా వాడు. వాడు మొదటి ఏడాదిలో, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ని ప్రచారం చేసే స్వేచ్ఛ సంస్థ వాళ్ళ శిబిరానికి వెళ్ళొచ్చాడు. 1983లో రిచర్డ్ స్టాల్మన్ ఎవరైనా స్వేచ్ఛగా వాడుకునే సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ ప్రాజెక్టు ప్రకటించడం, 1991లో ఫిన్లాండ్‌లో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్ (కంప్యూటర్‌ని నడిపించే వ్యవస్థకి గుండెకాయ లాంటి ప్రోగ్రాం) రాయడం, అన్నీ కథలా చెప్పేవాడు. నాకు అందులో నచ్చిన మాట ఒక్కటే. నేను ‘ఉచితం’ అంటే వాడు ఒప్పుకునేవాడు కాదు. ఉచితం కావడం దాని మంచితనంలో చిన్న భాగమే అనేవాడు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ని దేనికైనా వాడుకోవచ్చు, లోపల ఏముందో చూడొచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాళ్ళకి కాపీ ఇవ్వొచ్చు. ఈ నాలుగో హక్కు విన్నప్పుడు నాకు ఎంత తేలికగా అనిపించిందో చెప్పలేను. కాపీ ఇవ్వడం, తీసుకోవడం తప్పు కాని సాఫ్ట్‌వేర్ ఒకటి ఉందని అప్పుడే తెలిసింది.

మా దగ్గరున్నది 2013 నాటి మెషిన్, 4 జీబీ ర్యామ్. ఉన్న హార్డ్ డిస్కు ముట్టుకోవద్దని నేను పట్టుబట్టాను. సుమారు రెండు వేలు పెట్టి, హార్డ్ డిస్కు బదులు వాడే చిన్న ఎస్ఎస్‌డీ కొన్నాం. మా వాడు విండోస్ బదులు కంప్యూటర్‌ని నడిపే లినక్స్ మింట్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టాల్ చెయ్యకుండానే దాని మీంచి కంప్యూటర్ నడిపి చూపించాడు. వైఫై, స్పీకర్లు, స్కానర్ పనిచేస్తున్నాయో లేదో అలా ముందే తెలిసిపోతుంది. రెండు రోజులు అలా వాడి చూశాక ఎస్ఎస్‌డీలో వేశాం. అరగంట కూడా పట్టలేదు. స్టార్ట్ బటన్ ఉండే మూలలోనే మెనూ ఉంది, ఫైళ్ళ కిటికీ అలాగే ఉంది. నేను భయపడినంత కొత్తగా ఏమీ లేదు.

మొదటి దెబ్బ ప్రింటర్ దగ్గర తగిలింది. షాపులో ఉన్న లేజర్ ప్రింటర్‌ని మింట్ గుర్తుపట్టింది, పేజీ పంపితే తీసుకుంది, కాగితం మాత్రం బయటికి రాలేదు. అది మామూలు ప్రింటర్ భాషలో మాట్లాడే రకం కాదట, తయారీదారు సొంత భాష ఉన్నదట. అదే రోజు రాత్రి ఎనిమిదింటికి ఒక కుటుంబం వచ్చింది. మర్నాటికి పెద్దకర్మ పత్రికలు 150 కావాలి. ఆ రెండు నెలల్లో పెళ్ళి కార్డుల కంటే పెద్దకర్మ కార్డులే ఎక్కువ వేశాను. ఆ ఇంటివాళ్ళ ముందు కూర్చుని ప్రింటర్ పనిచెయ్యడం లేదని చెప్పడానికి నోరు రాలేదు. పీడీఎఫ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళి, పక్క వీధి షాపులో బతిమాలి వేయించుకొచ్చాను. ఇంటికొచ్చాక మా వాడి మీద గట్టిగా అరిచాను. “నీ ప్రయోగాలు నా పొట్ట మీద చెయ్యకు” అన్నాను. వాడు మాట్లాడలేదు. తెల్లవారుజామున చూస్తే ఇంకా కంప్యూటర్ ముందే ఉన్నాడు. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి ఆ ప్రింటర్ భాషని సొంతంగా కనిపెట్టి, డ్రైవర్ (ప్రింటర్‌ని కంప్యూటర్‌తో కలిపే ప్రోగ్రాం) రాసి అందరికీ పెట్టాడట. దాన్ని కంపైల్ చేసి ఎక్కించాడు. ఆరుంపావుకి మొదటి కాగితం వచ్చింది. ఇది చదివి మారాలనుకునే వాళ్ళకి నేను ముందు చెప్పేది ఇదే: ప్రింటర్, స్కానర్ ఏ మోడలో చూసుకుని, లినక్స్‌లో నడుస్తుందని తేలాకే మిగతా పని మొదలుపెట్టండి. తర్వాత నేను కొన్న ప్రింటర్ ఏ డ్రైవరూ వెయ్యకుండానే పనిచేసింది, ఎందుకంటే ఆరా తీసి కొన్నాను.

రెండో కష్టం కీబోర్డు. 22 ఏళ్ళుగా ఈ వేళ్ళకి అలవాటైంది డీటీపీ వాళ్ళు ఆపిల్ కీబోర్డు అనే లేఅవుట్. లినక్స్‌లో దాన్ని కూడా పెట్టుకోవచ్చు. కానీ ఎలాగూ మారుతున్నప్పుడు అన్నిచోట్లా ఉండేదే నేర్చుకుందామని ఇన్‌స్క్రిప్ట్ మొదలుపెట్టాను. అది భారత ప్రమాణం. ఎడమచేతి వైపు అచ్చులు, గుణింతాలు, కుడిచేతి వైపు హల్లులు. తెలుగులో ‘క’ ఏ కీ మీద ఉందో కన్నడంలో, హిందీలో కూడా అదే కీ మీద ఉంటుంది. మొదటి పది రోజులు చిన్నపిల్లలా ఒక్కో అక్షరం వెతుక్కున్నాను. పేజీకి పది నిమిషాలు పట్టే చోట ముప్పావుగంట పట్టేది. నెలన్నరకి పాత వేగంలో ముప్పాతిక వచ్చింది.

ఇన్‌స్క్రిప్ట్‌లో నాకు నచ్చింది ఏమిటంటే, పలికిన వరసలోనే కొట్టాలి. ‘స్త్రీ’ అనాలంటే స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. ఆరు కీలు. పాత పద్ధతిలో కంటికి కనబడే వరస కొట్టేవాళ్ళం: ముందు ‘సీ’, దాని కింద త ఒత్తు, ఆపైన ర ఒత్తు. రెండు పద్ధతులకీ ఉన్న ఈ తేడాయే మాస్టారి పుస్తకం దగ్గర మమ్మల్ని ముప్పుతిప్పలు పెట్టింది.

ఆఫీసు పనులకి వాడే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్, మాస్టారి పుస్తకం అప్పట్లో కట్టిన పేజ్‌మేకర్ ఫైళ్ళని చదవగలదని మా వాడు కనిపెట్టాడు. 2015లో వచ్చిన 4.4 వెర్షన్ నుంచి ఆ సదుపాయం ఉందట. పాత, ఆగిపోయిన సాఫ్ట్‌వేర్ల ఫైళ్ళలోంచి జనం రాసుకున్నది బయటికి తియ్యడానికే కొంతమంది పనిచేస్తున్నారని, అది వాళ్ళ కృషేనని చెప్పాడు. మాస్టారి ఫైలు అందులో తెరిస్తే పేజీల అమరిక చెదిరింది కానీ పాఠం మొత్తం వచ్చింది, ఆ ఇంగ్లీషు అక్షరాల గుంపు రూపంలోనే.

ఇక పట్టిక తయారుచెయ్యాలి. ఏ ఇంగ్లీషు గుర్తు ఏ తెలుగు ముక్కో పక్కపక్కన రాసుకోవాలి. పుస్తకం ప్రింటు కాపీ ఒక చేత్తో పట్టుకుని, తెర మీద గుంపు చూస్తూ, ఒక్కో ముక్కనీ గుర్తుపట్టాం. ఇక్కడ నా అనుభవం అక్కరకొచ్చింది. ఏ కీ కొడితే ఏ ముక్క పడుతుందో నా వేళ్ళకి ఇంకా గుర్తుంది. నేను కళ్ళు మూసుకుని కొట్టి చూపిస్తుంటే వాడు రాసుకునేవాడు. మూడు ఆదివారాలకి రెండొందల పైచిలుకు వరసలతో పట్టిక తయారైంది. దాన్ని పట్టుకుని వాడు ప్రోగ్రాములు రాసే భాష పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాశాడు.

మొదటిసారి నడిపితే ‘స్త్రీ’ అన్నచోటల్లా గుడి ‘స’ దగ్గరే ఉండిపోయి, ఒత్తులు విడిగా చుక్కల సున్నాల మీద కూర్చున్నాయి. కనబడే వరసని పలికే వరసగా మార్చాలి, అంటే గుణింతపు గుర్తుని ఒత్తులన్నిటికీ చివరికి జరపాలి. అది సర్దితే ‘మ’ దగ్గర తేడా వచ్చింది. పాత ఫాంట్లో ‘మ’ అనేది ‘వ’ ముక్కకి ఇంకో ముక్క అతికించి చేసినది. ‘వు’ కూడా దాదాపు అంతే. రెండిటి అతుకుముక్కలూ వేరువేరు గదుల్లో ఉన్నాయి కానీ, నేనే 2004లో తొందరలో కొన్నిచోట్ల ఒకదాని బదులు ఇంకొకటి కొట్టాను. కాగితం మీద తేడా తెలియలేదు కాబట్టి ప్రూఫులో ఎవరూ పట్టుకోలేదు. ఇప్పుడు ‘మనసు’ కాస్తా ‘వునసు’ అయి కూర్చుంది.

అన్ని తప్పుల్నీ కంటితో పట్టుకోవడం ఎలా? అప్పుడు తట్టిన ఆలోచన మాత్రం నాదే. పద్యానికి లెక్క ఉంది కదా. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, చంపకమాలకి 21, శార్దూలానికి 19, మత్తేభానికి 20. ఏ పాదంలో అక్షరం పెరిగినా తగ్గినా అక్కడేదో విరిగినట్టే. ‘మనసు’ ‘వునసు’ అయితే అక్షరాల లెక్కలో దొరకదు కానీ, ప్రాసస్థానంలో పడితే అదీ దొరుకుతుంది, రెండో అక్షరం నాలుగు పాదాల్లోనూ ఒకటే హల్లు కావాలి కాబట్టి. మా వాడికి ఛందస్సు రాదు. గురువు, లఘువు, పొల్లు ముందరి అక్షరంతో కలిసిపోవడం నేను చెబుతుంటే వాడు ప్రోగ్రాంలో రాసుకుంటూ పోయాడు. ఆ మధ్యాహ్నం అన్నం తినడం కూడా మరిచిపోయాం.

ప్రోగ్రాం 63 పాదాలు అనుమానంగా ఉన్నాయని చెప్పింది. ఒక్కొక్కటీ ప్రింటు కాపీతో సరిచూశాం. 50కి పైగా మార్పిడిలో వచ్చిన తప్పులు, పట్టిక దిద్దితే పోయాయి. తొమ్మిది మాత్రం పుస్తకంలోనే ఉన్న తప్పులు. అచ్చయి 17 ఏళ్ళు అందరూ చదివిన పుస్తకంలో, నా చేతి మీదుగా పడిన తొమ్మిది అచ్చుతప్పులు. మాస్టారికి చూపించినప్పుడు నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని ఒక్కో పాదం పైకి చదువుకున్నారు. “ఈ పద్యం సభలో చదివినప్పుడల్లా నోటికొచ్చినట్టు సరిగ్గానే చదివేవాణ్ణి. పుస్తకంలో తప్పుందని ఈరోజు తెలిసింది” అన్నారు. కోప్పడలేదు. ఆ ప్రోగ్రాం ఇంకేం చేస్తుందో చూపించమన్నారు. తెర మీద ‘గోదావరి’ అని వెతికితే ఆ మాట ఉన్న పద్యాలన్నీ వరసగా వచ్చాయి. మాస్టారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. ‘వెన్నెల’ వెతకమన్నారు. ‘అమ్మ’ వెతకమన్నారు. పాత ఫైల్లో ఇది ఎప్పుడూ సాధ్యమయ్యేది కాదు, అందులో ‘గోదావరి’ అనే మాటే లేదు కాబట్టి.

పేజీలు కట్టడానికి స్క్రైబస్ వాడాను. కొన్నేళ్ళ ముందు వరకు అందులో తెలుగు ఒత్తులు కలిసేవి కావు. ఒమన్‌లో కొందరు అరబీ లిపి కోసం మొదలుపెట్టిన పని వల్ల, 2017లో వచ్చిన 1.5.3 వెర్షన్ నుంచి మన లిపులు కూడా సరిగ్గా కలుస్తున్నాయి. అరబీ వాళ్ళ అవసరం మన తెలుగుకి దారి తీసింది. పంక్తి చివర మాట విరిగేటప్పుడు ఒత్తు మధ్యలో తెగకుండా చూసే తెలుగు నియమాల ఫైలు ఒకటి ఉంది, అది రాసింది కేరళ ఇంజినీరు సంతోష్ తొట్టింగల్. ఇలాంటివి తెలిసినకొద్దీ నాకు గౌరవం పెరిగింది. పుస్తకం మార్కెట్లోకి వెళ్ళేటప్పుడు లోపలి పేజీలో కంపోజింగ్ అని నా పేరు పడుతుంది, వీళ్ళ పేర్లు పడవు.

ఫాంట్ల కోసం మేం వెతుక్కోవలసిన పనే లేకపోయింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు చేసిన పోతన, వేమన ఫాంట్లు ఉన్నాయి. అమెరికా తెలుగువాళ్ళ సంస్థ సిలికానాంధ్ర వాళ్ళు విడుదల చేసినవి, మండలి, రామభద్ర, సురవరం, గిడుగు, గురజాడ లాంటివి, ఒక్క ప్యాకేజీగా దొరికాయి. పుస్తకం లోపల మండలి, అట్ట మీద రామభద్ర పెట్టాను. ఆ రెండూ ఓపెన్ ఫాంట్ లైసెన్సులో ఉన్నాయి, పుస్తకంలో వాడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, డాంగిల్ అక్కర్లేదు. మాస్టారి పద్యాల్లో అరసున్నలు, బండి ఱలు చాలా ఉన్నాయి, అన్నీ చక్కగా వచ్చాయి. నకారపొల్లు ఒక్కటే పాత పుస్తకాల్లో ఉన్న రూపంలో పెట్టలేకపోయాం. దానికి యూనికోడ్‌లో విడిగా నంబరు వచ్చింది ఆ ఏడాది సెప్టెంబరులోనే, మా దగ్గరున్న ఫాంట్లలో ఆ అక్షరం లేదు. మామూలు ‘న్’ తోనే సరిపెట్టుకున్నాం.

విజయవాడ ప్రెస్సు వాళ్ళు మొదట ఒప్పుకోలేదు. ఎప్పుడూ వాళ్ళకి తెలిసిన సాఫ్ట్‌వేర్ ఫైలే ఇమ్మంటారు. రంగులు అచ్చుకి వాడే నాలుగు రంగుల పద్ధతి సీఎంవైకేలో, ఫాంట్లు లోపలే పొదిగిన పీడీఎఫ్ పంపించి, ఒక్క ఫారం ప్లేటు తీసి చూడండి, తేడా వస్తే ఖర్చు నాది అన్నాను. 16 పేజీలూ శుభ్రంగా వచ్చాయి. ఆ తర్వాత వాళ్ళు అడగలేదు. 2022 ఉగాదికి పుస్తకం వచ్చింది.

అన్నీ కుదిరాయని చెప్పను. ఫ్లెక్సీ షాపుల వాళ్ళు డిజైన్లు చేసే సాఫ్ట్‌వేర్ కోరల్‌డ్రా ఫైళ్ళు పంపుతారు. అలాంటి పనికే ఉన్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లో కొన్ని తెరుచుకుంటాయి, కొన్ని చిందరవందరగా వస్తాయి. అలాంటప్పుడు పీడీఎఫ్ పంపమని అడుగుతాను. వినకపోతే ఆ పని వదులుకుంటాను. ఏడాదికి కొన్ని వేలు అలా పోతాయి. జీఎస్టీ రిటర్నులు బ్రౌజర్లోనే వేస్తాను కాబట్టి ఇబ్బంది లేదు. పాత విండోస్ డిస్కు ఇంకా దాచాను, నెట్ తగిలించకుండా, పాత ఫైళ్ళు చూసుకోవడానికి మాత్రమే. పోయిన పెద్ద తలనొప్పి పెన్‌డ్రైవ్ వైరస్. ఇదివరకు కస్టమర్ పెన్‌డ్రైవ్ పెట్టడమే ఆలస్యం, ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయేవి. ఇప్పుడు ఆ వైరస్ ఫైలు నా కంటికి కనబడుతుంది, కానీ నా మెషిన్‌ని ఏమీ చెయ్యలేకపోతోంది. కస్టమర్ అడిగితే తీసేసి ఇస్తాను.

మాస్టారి పుస్తకం బిల్లులోంచి రెండు వేలు లిబ్రేఆఫీస్ నడిపే సంస్థకి మా వాడి చేత పంపించాను. ఆ తర్వాత ఏటా ఉగాదికి అలాగే పంపుతున్నాను. 22 ఏళ్ళు ఆ ఫాంట్ల వాళ్ళకి తప్ప ఎవరికీ ఇవ్వాల్సింది ఇవ్వకుండా పనిచేశాను. ఇది ఎవరూ అడగకపోయినా ఇస్తున్నాను, ఇచ్చిన ప్రతిసారీ మనసుకి బాగుంటుంది.

మా వాడు ఇప్పుడు ఉద్యోగం చేస్తూ హైదరాబాద్‌లో ఉన్నాడు. మింట్ కొత్త వెర్షన్లకి నేనే మారుతున్నాను. 21కి ఫోన్లో వాడి సాయం తీసుకున్నాను, 22కి అదీ అక్కర్లేకపోయింది. ముందు బ్యాకప్, తర్వాతే అప్‌గ్రేడ్. మా వాడి ప్రోగ్రాం పుణ్యాన పాత ఫైళ్ళలో ఇప్పటికి 31 పుస్తకాలు యూనికోడ్‌లోకి తెచ్చాను. ఆ రచయితల్లో కొందరు లేరు. వాళ్ళ పిల్లల నంబర్లు సంపాదించి ఫైలు పంపిస్తుంటే, నాన్నగారి పుస్తకం ఫోన్లో చదువుకుంటున్నామని మెసేజ్‌లు పెడుతున్నారు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాక, 2021లో నాకు పెద్దకర్మ పత్రికలు వేసిపెట్టిన పక్క వీధి షాపతను వచ్చాడు. అతని మెషిన్ విండోస్ 11కి సరిపోదట. నాలాగే పాత ఫాంట్లు, నాలాగే లాక్. “అక్కా, నా ఫైళ్ళు కూడా వస్తాయా?” అన్నాడు. పెన్‌డ్రైవ్‌లో ఒక సావనీర్ తెచ్చాడు. మా పట్టికతో నడిపితే సగం తెలుగు వచ్చింది, సగం రాలేదు. అతను వాడింది అదే ప్యాకేజీలో తర్వాతి వెర్షన్. కొన్ని గదులు మారాయి. ముందు ఎన్ని మారాయో తేల్చాలి. ప్రింటు కాపీ తెచ్చుకోమన్నాను. గత రెండు ఆదివారాలుగా ఇద్దరం కూర్చుంటున్నాం. అతను కొడుతుంటే నేను రాసుకుంటున్నాను. ఒత్తులు అయిపోయాయి. ఈ ఆదివారం గుణింతాలు మొదలుపెట్టాలి.